వెనుక సీటు కింద ఇంధన పంపు: ఇంట్లోనే మార్చిన డైరీ

మొదటి శనివారం, రాత్రి

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా మా కారు ఈ వారం మూడుసార్లు ఆగిపోయింది. 2010లో కొన్న చిన్న పెట్రోలు కారు, ఇప్పటికి 1,04,000 కిలోమీటర్లు తిరిగింది. విజయవాడ నుంచి గుంటూరు, నరసరావుపేట, వినుకొండ మీదుగా దోర్నాల వరకు ఏ పేచీ పెట్టకుండా వచ్చిన బండి, ఘాట్‌లో రెండో గేరులో గట్టిగా లాగవలసిన చోట మాత్రం రెండు మూడు కుదుపులిచ్చి చల్లబడిపోయేది. పావుగంట ఆగితే మళ్లీ కదిలేది. అది కూడా ఒక్క సెల్ఫుకు కాదు; తాళం రెండు మూడుసార్లు తిప్పి, ఆపి, ఆ తరువాత సెల్ఫ్ కొడితేనే ఇంజన్ అందుకునేది.

తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్కన ఒక మెకానిక్ వెనుక తలుపు తీయించి, సీటు దగ్గర చెవి పెట్టి అర నిమిషం విని, “పంపు పోయింది సార్, మార్పించేయండి” అన్నాడు. అతని మాట తప్పని నాకు అనిపించలేదు, ఎందుకంటే తాళం రెండుసార్లు తిప్పితే స్టార్టవడం, ట్యాంకులోంచి ఇంజన్‌కు పెట్రోలు తోసే పంపు వైపే వేలు చూపుతుంది. తాళం ఆన్‌లో పెట్టగానే ఇంజన్ కంప్యూటరు పంపుకు సుమారు రెండు సెకన్లపాటే కరెంటు ఇచ్చి, ఇంజన్ తిరగకపోతే ఆపేస్తుంది. పంపు బలంగా ఉంటే ఆ రెండు సెకన్లలోనే గొట్టంలో ఒత్తిడి నిండుతుంది. బలహీనపడితే రెండు మూడు విడతలుగా నింపవలసి వస్తుంది. అయినా, విన్నంత మాత్రాన ఆరువేల రూపాయల వస్తువు కొనడం నాకు మనసొప్పలేదు. కొలిచిన తరువాతే కొందామని నిర్ణయించుకుని, ఈ పుస్తకం తీశాను.

ఈ రాత్రి చేసింది చిన్న పనే. స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు కారు కంప్యూటరులోని లోపాల కోడులు చదివే ఓబీడీ రీడర్ తగిలించి ఫోనులో చూస్తే పీ0171 అనే కోడు కనిపించింది. ఇంజన్‌కు అందే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని దాని అర్థం. ఈ కోడు చూడగానే పంపు కొనేసేవాళ్లున్నారు, కానీ ఇంజన్‌కు గాలి వెళ్లే ఇన్‌టేక్ గొట్టానికి ఎక్కడైనా చీలిక పడి గాలి దొంగతనంగా లోపలికి పోతున్నా ఇదే కోడు వస్తుంది. ఆ రెండింటినీ విడదీసేది ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటరు తన లెక్క మీద అదనంగా పోయిస్తున్న పెట్రోలు శాతం. గాలి చీలిక అయితే ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఈ అంకె ఎక్కువగా ఉండి, రేజ్ ఇచ్చేకొద్దీ తగ్గుతుంది. మా కారులో అంతా తలకిందులు: ఊరికే ఉన్నప్పుడు 5 శాతం, ఇన్నర్ రింగు రోడ్డు మీద నాలుగో గేరులో గట్టిగా తొక్కినప్పుడు 24 శాతం. అడిగినంత పెట్రోలు రావడం లేదని ఇక్కడికి తేలింది. ఎందుకు రావడం లేదన్నది రేపటి పని.

మరునాడు, ఆదివారం

స్నేహితుడి దగ్గర ఇంధన ఒత్తిడి కొలిచే గేజ్ అరువు తెచ్చాను. మా కారు ఇంజెక్టర్ రైలు (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని పంచే గొట్టం) మీద గేజ్ బిగించడానికి వాల్వు లేదు కాబట్టి, ట్యాంకు నుంచి వచ్చే గొట్టానికీ రైలుకూ మధ్య టీ ఆకారపు జాయింటు పెట్టాలి. అలా గొట్టం విప్పే ముందు అందులోని ఒత్తిడిని దించడం తప్పనిసరి. లేకపోతే మూడు బార్ల ఒత్తిడితో పెట్రోలు ముఖం మీదికి చిమ్ముతుంది. పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ స్టార్టు చేసి, గొట్టంలో మిగిలింది తాగి అదే ఆగిపోయేదాకా వదిలి, మరో రెండుసార్లు సెల్ఫ్ కొట్టి, అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాను. అప్పటికీ గొట్టం చుట్టూ గుడ్డ చుట్టి తీస్తే చెంచాడు పెట్రోలు కారింది.

ఈ మోడల్‌కు ఉండవలసిన ఒత్తిడి సుమారు 3 బార్లు. గేజ్ చూపింది ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు 2.4, రేజ్ ఇస్తే 1.7. ఇంజన్ ఆపాక నిమిషం లోపే ముల్లు సున్నాకు జారిపోయింది, అంటే పంపులో పెట్రోలును వెనక్కి పోనివ్వకుండా పట్టి ఉంచవలసిన చిన్న కవాటం కూడా సరిగా మూసుకోవడం లేదు. మెకానిక్ మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదనిపించి, దుకాణానికి ఫోన్ చేయబోయి ఆగాను. పంపు అంటే మోటారు. మోటారుకు అందే కరెంటు సంగతి చూడకుండా మోటారును నిందించడం, బోరులో నీళ్లు రావడం లేదని లో వోల్టేజీ రోజున మోటారు పైకి లాగించడం లాంటిదే.

వెనుక సీటు ఎత్తి, ట్యాంకు మూత జోలికి పోకుండా, పంపు ప్లగ్గు దగ్గర మీటరు పెట్టాను. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 14.0 వోల్టులు, పంపు ప్లగ్గు దగ్గర 11.4. దారిలో 2.6 వోల్టులు మాయం. అరవోల్టు వరకు పోతే సరిపెట్టుకోవచ్చు. ఇది చాలా ఎక్కువ. పాజిటివ్ వైపు, అంటే ఫ్యూజు, రిలే ఉన్న దారిలో పోయింది 0.3 మాత్రమే. తక్కిన 2.3 వోల్టులూ నల్ల తీగలో, ఎర్త్ వైపు పోతున్నాయి. ఈ పరీక్ష పంపు తిరుగుతుండగానే చేయాలని ప్రత్యేకంగా రాసుకుంటున్నాను. ప్లగ్గు ఊడదీసి కొలిస్తే ఇదే తీగ 12 వోల్టులకు పైగా చూపి నన్ను చక్కగా మోసం చేసింది. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన జాయింటు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

నల్ల తీగ వెంట పోతే అది ఎడమవైపు వెనుక తలుపు గడప దగ్గర, కార్పెట్ అడుగున, బాడీకి బిగించిన ఒక బోల్టు వద్ద తేలింది. కార్పెట్ ఎత్తగానే సంగతి అర్థమైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ వైపు పొంగినప్పుడు మా వీధిలో కారు తలుపు గడప దాకా నీళ్లొచ్చాయి. ఇంజన్‌లోకి నీరు పోలేదని సంతోషించి, లోపల ఆరబెట్టించి, ఆ కథ ముగిసిందనుకున్నాం. కార్పెట్ కింద మాత్రం వేలు మందాన ఒండ్రు ఎండిపోయి, వేసవిలో చెరువు అడుగులాగా నెర్రెలు విచ్చి ఉంది. దాని మధ్యలో బోల్టు తల చుట్టూ పచ్చగా, గోధుమరంగుగా పొక్కులు. వేలితో తాకితే తీగ చివరి రింగు పెళుసుగా విరిగి చేతికొచ్చింది.

అయితే పంపు మంచిదేనా? అది తేల్చడానికి బ్యాటరీ విప్పి, ట్యాంకుకు దూరంగా ఉన్న మరో బోల్టుకు మందపాటి తీగతో తాత్కాలిక ఎర్త్ గట్టిగా బిగించి, మళ్లీ బ్యాటరీ కలిపాను. ట్యాంకు పరిసరాల్లో తీగ కొసలు తాకించి చూడడం, నిప్పురవ్వ రాజేయడం ఒక్కటే. ఈసారి పంపు దగ్గర 13.6 వోల్టులు వచ్చాయి. ఒత్తిడి ఊరికే ఉన్నప్పుడు 2.7కు, రేజ్ ఇచ్చినప్పుడు 2.1కు పెరిగింది. మెరుగే, కానీ 3 కాదు. ఎర్త్ తీగ దోషీ, పంపూ దోషీ. పంపు ఒక్కటే మార్చి ఉంటే కొత్తదానికీ 11.4 వోల్టులే అందేవి, అప్పుడు పాపం ఆ కొత్త పంపును నాసిరకమని తిట్టుకునేవాణ్ణి.

రెండో వారం, ఆటోనగర్

పని రోజుల్లో సాయంత్రాలు ఎర్త్ పని ముగించాను. బోల్టు విప్పి, బాడీ రేకు మెరిసేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది, తీగను మంచి రాగి కనిపించేంత వరకు కోసి, కొత్త లగ్గు (తీగ చివరి లోహపు రింగు) నొక్కి బిగించి, పైన వాజలీన్ పూశాను. ఇప్పుడు ఎర్త్ వైపు పోతున్నది 0.06 వోల్టులు.

శనివారం ఆటోనగర్ వెళ్లాను. దుకాణంలో నేను “పెట్రోలు పంపు కావాలండి” అంటే, కౌంటరు దగ్గరి కుర్రవాడు “బంకు ఆ మలుపులో ఉంది సార్” అని నవ్వాడు. తరువాత పెద్దాయన వచ్చి రెండు రకాలు బల్ల మీద పెట్టారు. ఒకటి మోటారు మాత్రమే, 1,400 రూపాయలు. రెండోది మోటారు, జాలీ, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరు, పెట్రోలు మట్టం చూపే తేలుడు చేయి, అన్నీ బిగించి ఉన్న పూర్తి సెట్టు, 5,900 రూపాయలు.

“మోటారు ఒక్కటే వేసుకోండి సార్, అందరూ అదే తీసుకెళ్తారు” అన్నారాయన. నిజమే, ఆటోనగర్‌లో రోజూ పది మార్చేవారికి అది సరిపోతుంది. సెట్టు లోపల మోటారు నుంచి పై మూతకు పోయే నైలాన్ గొట్టం ఒత్తి ఎక్కించి ఉంటుంది; అది చీల్చకుండా తీయలేం, మళ్లీ ఎక్కించడానికి వేడినీటిలో మెత్తబరచాలి. అది కుదరక దాని బదులు బయట దొరికే మామూలు పెట్రోలు గొట్టం వేశారంటే మరో చిక్కు: ఆ గొట్టం లోపలి పొర మాత్రమే పెట్రోలును తట్టుకుంటుంది. ట్యాంకులో గొట్టం లోపలా బయటా మునిగే ఉంటుంది కాబట్టి బయటి రబ్బరు కొన్ని నెలల్లో ఉబ్బి మెత్తబడి జారిపోతుంది. మునిగి ఉండడానికి తయారైన రకాన్ని ఎస్‌ఏఈ జె30ఆర్10 అనే గుర్తుతో అమ్ముతారు. అది ఆ దుకాణంలో లేదు. మొదటిసారి ఈ పని చేస్తున్నవాణ్ణి, పైగా నా పాత కవాటం, జాలీ రెండూ అనుమానాస్పదమే. సెట్టే తీసుకున్నాను. ఛాసిస్ నంబరు చెప్పి, పై మూత మీది గొట్టం కొసలు ఎటు తిరిగి ఉన్నాయో ఫోనులోని ఫొటోతో పోల్చి చూసి మరీ డబ్బు కట్టాను.

మూడో ఆదివారం, ఉదయం

ట్యాంకులో పెట్రోలు పావుకు తక్కువగా ఉండేలా వారమంతా చూసుకున్నాను. నిండు ట్యాంకు మూత తెరిస్తే పెట్రోలు అంచు దాకా ఉంటుంది, ఆవిరీ విపరీతంగా వస్తుంది. ఇంతకుముందు రిజర్వులో తిప్పడం నాకున్న చెడు అలవాటు. పంపును చల్లబరిచేదీ, దాని లోపల కందెనలా పనిచేసేదీ చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి, ఆ అలవాటుకు కూడా ఈ ఖర్చులో వాటా ఉండవచ్చు.

ఎండ ముదరక ముందే, ఆరున్నరకు, పోర్టికోలోంచి కారును బయటి ఖాళీ జాగాలోకి నెట్టాను. అప్పుడు గుర్తుకొచ్చింది తులసికోట. కారుకు పదడుగుల దూరంలో, నేల మట్టానికి కాస్త పైన, దీపం వెలుగుతోంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. పైకి పోయి చెదిరిపోదు, నేల వెంట నీళ్లలాగా పారుతూ పల్లం వెతుక్కుంటుంది. దీపం ఆర్పమని ఇంట్లో ఎలా అడగడం? మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, “ఇంకో అరగంటలో దానంతట అదే కొండెక్కుతుంది లెండి, ఈలోగా కాఫీ తాగండి” అంది. దీపం కొండెక్కింది, కాఫీ అయింది, వంటింటి స్టవ్వు కూడా కట్టేశారు. రెండు కిలోల పొడి ఫైర్ ఎక్స్‌టింగ్విషరు చేతికందే చోట, బకెట్ ఇసుక పక్కన. నూలు బట్టలు, నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు. ఫోను ఇంట్లోనే వదిలేశాను.

సీటు కింద రెండు బోల్టులు, రెండు క్లిప్పులు. అడుగున దొరికినవి: పోయిన దసరా ఆయుధపూజ నాటి చేమంతి రేకులు, రెండు రూపాయల బిళ్లలు మూడు, వేరుశనగ తొక్కలు, అంతటా సన్నటి ఒండ్రు. ట్యాంకు పైభాగాన్ని తెరవకముందే తడిగుడ్డతో మూడుసార్లు తుడిచాను. ఈ దశలో వ్యాక్యూమ్ క్లీనర్ వాడాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ట్యాంకు మూత తీశాక మాత్రం దాని మోటారు నిప్పురవ్వలతో సహా ఆ ఆవిరిని పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని దగ్గరకు రానివ్వకూడదు.

ఒత్తిడి దించి, బ్యాటరీ విప్పి, ప్లగ్గు తీశాను. ప్లగ్గు లోపల ఒక పిన్ను చుట్టూ తెల్లని ప్లాస్టిక్ బాగా కాగిన పాలలా గోధుమరంగుకు తిరిగింది. అదీ వేడెక్కుతున్న జాయింటే. గొట్టం జాయింటు రెండు వైపులా నొక్కి లాగితే వచ్చేసింది. అసలు పరీక్ష, పంపు సెట్టును ట్యాంకుకు బిగించి ఉంచే పెద్ద ప్లాస్టిక్ చుట్టు దగ్గర ఎదురైంది. పదిహేనేళ్లుగా కదలని ఆ చుట్టు చేతికి లొంగలేదు. స్క్రూ డ్రైవరు ఆనించి సుత్తితో కొట్టే వీడియోలు చాలా చూశాను, కానీ ఇనుము మీద ఇనుము కొట్టడం ఇక్కడ చేయదగిన పని కాదు. తుమ్మకర్ర ముక్క ఒకటి చుట్టు పళ్లకు ఆనించి రబ్బరు సుత్తితో కొడితే ఏడో దెబ్బకు వేలి గోరంత జరిగింది, ఆ తరువాత చేత్తోనే తిరిగింది. విప్పే ముందు మూత ఏ దిక్కుకు ఉందో మార్కరుతో గీత పెట్టుకున్నాను.

సెట్టును నిటారుగా లాగకూడదు. కాస్త ఎత్తి, వంచి, తేలుడు చేయి ట్యాంకు అంచుకు తగలకుండా తిప్పుతూ తీయాలి. అడుగున ఉన్న జాలీ చూస్తే ఫిల్టర్ కాఫీ వడకట్టిన గుడ్డలా ఉంది. వేలితో నొక్కితే మెత్తగా జారే సన్నటి మట్టి, ముట్టుకుంటే చందనం గంధంలాంటి నునుపు. ట్యాంకు అడుగున కూడా ఒక మూల అదే రంగు మట్టి పల్చగా పేరుకుంది. నూగు రాలని గుడ్డతో చేయి పెట్టి తుడిచి తీశాను. ఈ మధ్య ప్రతి ఇంధన సమస్యకూ 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలునే తిట్టడం ఆనవాయితీ అయింది. పాత రబ్బర్లకు అది మంచిది కాదన్న వాదనలో బలం ఉంది, కానీ నా వేళ్లకు అంటింది మాత్రం మట్టి.

కొత్త సెట్టు దించే ముందు దాని తేలుడు చేయిని పాతదానితో పక్కపక్కన పెట్టి, కిందా పైనా మీటరుతో ఓముల్లో కొలిచి, రెండూ ఒకలాగే ఉన్నాయని చూసుకున్నాను. మూత కింద పెట్రోలు కారకుండా ఆపే రబ్బరు వలయం, అంటే కొత్త ఓ-రింగుకు, సులువుగా జారాలని కాస్త పెట్రోలు రాశాను. ఇది తప్పని సాయంత్రానికి తెలిసింది. చుట్టును బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పి, మర టక్కున కూర్చున్న శబ్దం విన్నాకే ముందుకు తిప్పాను. సీసా మూతలు వంకరగా పట్టకుండా మనం చేసే పనే.

బ్యాటరీ కలిపి తాళం మూడుసార్లు ఆన్ చేసి వదిలాను. ఇంతకుముందు వినిపించే ఈగ రొద లేదు, చిన్న గుర్రు మాత్రమే. మొదటి సెల్ఫుకే ఇంజన్ అందుకుంది. గేజ్ 3.0, రేజ్ ఇచ్చినా 3.0. ఆపిన పది నిమిషాలకు 2.8.

అదే రోజు, సాయంత్రం

సీటు బిగించకుండానే బంకుకు పోయి సగం ట్యాంకు పోయించి, ఇంటి ముందు ర్యాంపు మీద వెనుక భాగం పల్లంలో ఉండేలా నిలిపాను. ఇరవై నిమిషాలకు పెట్రోలు వాసన. టార్చి వేసి చూస్తే చుట్టు అంచున ఒక వైపు తడి మెరుస్తోంది. ఇంజన్ ముట్టకుండా, తలుపులన్నీ తెరిచి, కారును సమంగా ఉన్న చోటికి నెట్టి వదిలేశాను.

మరునాడు చేతిపంపుతో డబ్బాల్లోకి పెట్రోలు తోడి మళ్లీ తెరిచాను. నోటితో గొట్టం పీల్చి తోడే పద్ధతిని చిన్నప్పుడు చూశాను, దాని గురించి మాట్లాడుకోవడం కూడా అనవసరం. ఓ-రింగు ఒక చోట గాడిలోంచి మెలిపడి నలిగి ఉంది. పెట్రోలు రాసి, తేలుడు చేయి సర్దుతూ పది పన్నెండు నిమిషాలు జాప్యం చేశాను. ఆలోగా రబ్బరు ఉబ్బి పొడవు పెరిగి, గాడిలో ఇమడక పక్కకు పొర్లింది. తీసి పాత రింగు పక్కన పెడితే కంటికే తేడా తెలుస్తోంది. ఆటోనగర్‌లో మరో రింగు 180 రూపాయలు. ఈసారి పొడిగా, ముందు ట్యాంకు గాడిలో కూర్చోబెట్టి, చుట్టూ వేలితో నొక్కుకుంటూ పోయి, వెంటనే సెట్టు దించి బిగించాను. నిండు ట్యాంకుతో ర్యాంపు మీద రాత్రంతా నిలిపినా తడి లేదు, వాసన లేదు. అప్పుడే రేకు మూత, సీటు బిగించాను.

నాలుగో ఆదివారం

కోడు చెరిపి, కొండపల్లి ఖిల్లా ఎక్కే దారిలో పరీక్షించాను. దూరం చిన్నదే కానీ ఆ ఎత్తు, ఆ మలుపులు చాలు. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, రెండో గేరులో పైదాకా తొక్కినప్పుడు ట్రిమ్ 3 శాతం దాటలేదు. పైన అరగంట ఆపి, వేడి మీదే సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్టయింది. ఖర్చు సెట్టు, రింగు, లగ్గు, తీగ కలిపి 6,140 రూపాయలు. ఎక్స్‌టింగ్విషరు ఎలాగూ ఇంట్లో ఉండవలసిన వస్తువే కాబట్టి ఈ లెక్కలో వేయడం లేదు.

మిగిలింది ఒక్క సందేహం: చెడ్డ ఎర్త్ వల్ల పంపు పాడైందా, పంపు తనంతట తానే పోయిందా? వారం రోజులు డాబా మీద ఆరబెట్టిన పాత మోటారును హ్యాక్సాతో చేత్తోనే కోసి తెరిచాను. కార్బన్ బ్రష్షులు అరిగాయి కానీ ఇంకా సగానికి పైగా ఉన్నాయి. ఆ బ్రష్షులు ఆనుకునే రాగి కమ్యూటేటరు కాస్త నల్లబడినా గాట్లు పడలేదు. పెట్రోలును తోసే చిన్న ఇంపెల్లరు అంచులు మాత్రం సానరాతి మీద అరగదీసినట్టు గుండ్రబడ్డాయి. అది తిరిగే గదిలోని పళ్లెం మీద వలయాలు వలయాలుగా గీతలు, ఒక గీతలో ఇంకా ఇరుక్కుని ఉన్న ఇసుక రేణువు. జాలీ పట్టలేనంత సన్నటి ఒండ్రు లోపలికి పోయి లోహాన్ని నమిలేసింది. వోల్టేజీ తగ్గితే పంపు నెమ్మదిస్తుంది, అంతే. దాన్ని అరగదీసింది మట్టి. గడప కింద బోల్టును తిన్న నీరే ట్యాంకు గాలిగొట్టం గుండా ఈ మట్టిని లోపలికి చేర్చి ఉంటుందని నా ఊహ. ఆ గొట్టం కొస వెనుక చక్రం పక్కన, వరద నీరు వచ్చిన మట్టానికి కిందే ఉంది. వచ్చే ఆదివారం దాన్ని విప్పి కడగాలి.